ఎర్రమట్టి మీద ర్యాలీ: సొంత దారి వేసుకుని ఆర్‌సీ కారు నడిపేవారికి మార్గదర్శి

ఆర్‌సీ కారు (రేడియో రిమోట్‌తో నడిచే చిన్న కారు) కొనబోయేవాళ్లు మొట్టమొదట అడిగేది ‘ఎంత వేగం వెళ్తుంది?’ అని. ర్యాలీ విషయంలో అది చిట్టచివర అడగవలసిన ప్రశ్న. మెలికలు తిరిగిన మట్టిదారి మీద గంటకు 20 కిలోమీటర్ల కారు కూడా చేతులకు చెమటలు పట్టిస్తుంది. 60 కిలోమీటర్ల కారు అదే దారిలో మూడో మలుపు దగ్గర మామిడి మొదలుకు గుద్దుకుని, విరిగిన సస్పెన్షన్ ఆర్మ్‌తో సంచిలో ఇంటికి చేరుతుంది. అందుకే మీ డబ్బు, ఓపిక ముందు నేలకు, తరువాత దుమ్ము కట్టడికి, ఆపైన షాక్ అబ్జార్బర్లకు, టైర్లకు పోవాలి. మోటారు వంతు చివర వస్తే చాలు. ఈ రాత కూడా నేలతోనే మొదలవుతుంది.

ర్యాలీకి ఇంకో సౌకర్యం ఉంది. అందరూ ఒకేసారి గుంపుగా బయలుదేరే సర్క్యూట్ రేసు కాదిది. ఒక్కో కారు విడిగా బయలుదేరి గడియారంతో పోటీపడుతుంది. పెద్ద కార్ల జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో గానీ, మన తిరుపతికి దగ్గరలో చెన్నై కేంద్రంగా జరిగే సౌత్ ఇండియా ర్యాలీలో గానీ ఇదే పద్ధతి. 2019లో అర్జున పురస్కారం అందుకున్న గౌరవ్ గిల్ పేరు తెచ్చుకున్నది ఈ క్రీడలోనే. కాబట్టి మీకు గుండ్రటి ట్రాక్ అక్కర్లేదు, పదిమంది పోటీదారులూ అక్కర్లేదు. ఇద్దరు స్నేహితులు, రెండు కార్లు, పొడవాటి స్థలం ఒకటి ఉంటే చాలు.

స్థలం

తిరుపతి చుట్టుపక్కల ఎర్రమట్టికి కొదవ లేదు. రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు రాళ్లు పాతి అమ్మకానికి పెట్టి, ఇళ్లు ఇంకా కట్టని లేఅవుట్లు చాలా ఉన్నాయి. యజమానిని అడిగి రెండు ప్లాట్ల మధ్య రోడ్డుకు వదిలిన చోటు వాడుకోవచ్చు. నా ఓటు మాత్రం మామిడి తోటకే. పాకాల, దామలచెరువు ప్రాంతాల్లో కోతలు పూర్తయ్యాక, అంటే జూలై దాటాక, తోటలో పని తక్కువగా ఉంటుంది. నీడ ఉంటుంది, చెట్ల వరుసలు సహజమైన మలుపులు ఇస్తాయి. డ్రిప్ పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో ముందే రైతుతో కలిసి చూసుకోండి. పైపు కోస్తే మళ్లీ ఆ తోటలో అడుగుపెట్టనివ్వరు.

శేషాచలం అడుగున కనిపించే ఎర్రటి కాలిబాటలు ఎంత ఊరించినా వాటి జోలికి వెళ్లకండి. అది అటవీ భూమి. కొండల్లో చాలా భాగం 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిధిలో ఉంది. ఎర్రచందనం కాపలా ఉన్న చోట సంచీ, తీగలు, రిమోట్ పట్టుకుని తిరిగితే సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే. స్వర్ణముఖి ఇసుక కూడా వద్దు. కారు కూరుకుపోతుంది, సన్నటి ఇసుక గేర్లను ఆకురాయిలా అరగదీస్తుంది.

సీసాలో మట్టి పరీక్ష

పార పట్టే ముందు మట్టి గుణం తెలుసుకోండి. నేలను జానెడు లోతు తవ్వి, ఆ మట్టితో లీటరు సీసాను మూడో వంతు నింపండి. మెడ దాకా నీళ్లు పోసి, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి బాగా కుదిపి పక్కన పెట్టండి. నిమిషంలోపు అడుగుకు దిగేది ఇసుక. దాని మీద కొన్ని గంటల్లో పేరుకునేది ఒండ్రు. మరుసటి రోజుకు పైన పలుచని పొరగా నిలిచేది బంకమట్టి. సీసా పక్కన స్కేలు పెట్టి మూడు పొరలూ కొలవండి. మొత్తంలో ఇసుక మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా, బంక ఆరో వంతు దాకా ఉంటే అదృష్టవంతులు. ఆ మట్టి తడిపి కొడితే గట్టిపడుతుంది, పైన మాత్రం పలుచగా పొడి లేస్తుంది. ర్యాలీ కారు పక్కకు జారుతూ మలుపు తిరగడానికి కావలసింది సరిగ్గా ఆ పొడే.

ఇసుక ఎక్కువైతే చెరువు పూడిక మట్టి కలపండి. పొలానికి తోలించుకున్న రైతు దగ్గర నాలుగు తట్టలు అడిగితే సరిపోతుంది, మీరే వెళ్లి చెరువులో తవ్వకండి. బంక ఎక్కువైతే వానకు చక్రాలకు అంటుకుంటుంది, ఎండకు పగుళ్లిస్తుంది. దానికి క్రషర్ పొడి మందు.

దారి వేయడం

దారి 60 నుంచి 100 మీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. వెడల్పు 1.2 మీటర్లు పెట్టుకోండి. మన కారు అసలు కారులో పదో వంతు. ఆ లెక్క ప్రకారం నాలుగు మీటర్ల రోడ్డు 40 సెంటీమీటర్లే అవుతుంది గానీ, దూరం నుంచి చూస్తూ అంత ఇరుకులో నడపడం ఎవరి తరమూ కాదు.

గీత గీయడానికి ముగ్గుపిండిని మించింది లేదు. ఒకరు రిమోట్ పట్టుకుని నిలబడవలసిన చోట నిలబడి చూస్తుంటే, ఇంకొకరు గీస్తూ పోవాలి. నిలబడిన చోటి నుంచి కారు కనిపించని భాగం ఉంటే గీత మార్చండి. నేరుగా పోయే భాగం 15 మీటర్లు మించనీయకండి. పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు ఒకటి, నిడుపాటి మలుపులు రెండు మూడు, చిన్న దిబ్బ ఒకటి, పల్లం ఒకటి ఉంటే దారికి రుచి వస్తుంది.

తవ్వే ముందు గడ్డి, రాళ్లు కర్రతో కదిలించండి. రాళ్ల కింద తేళ్లుంటాయి, గడ్డిలో పాములుంటాయి. బూట్లు లేకుండా ఈ పని వద్దు. పైపొర రెండు మూడు సెంటీమీటర్లు గీకి జల్లెడ పట్టండి. బొటనవేలి గోరంత రాయి కూడా ఉండకూడదు. మన కంటికి గులకరాయి అనిపించే రెండు సెంటీమీటర్ల రాయి ఈ కారుకు 20 సెంటీమీటర్ల బండతో సమానం. జల్లించిన మట్టిని తిరిగి పరిచి, నడుమ మూడు సెంటీమీటర్లు ఎత్తుగా, అంచులకు వాలుగా తీయండి. వాన నీళ్లు నడిమధ్య నిలవవు.

సాయంత్రం నీళ్లు చల్లి రాత్రంతా నాననివ్వండి. తెల్లవారాక మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు. అప్పుడే దిమ్మిసతో కొట్టాలి. ఎండ ముదిరాక కొట్టినా పైపెచ్చు మాత్రమే గట్టిపడుతుంది. ఒకే రోజు దారి మొత్తం వేయాలని చూడకండి, రోజుకు పది పదిహేను మీటర్లు చాలు.

వెనక్కి తిరిగే మలుపు మీద మాత్రం శ్రద్ధ పెట్టండి, దారి బాగోగులు తేలేది అక్కడే. లోపలి అంచు బయటి అంచు కంటే రెండు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. లోపలి అంచున పాత సైకిల్ టైరును సగానికి కోసి, విల్లులా వంచి, సగం లోతు పాతండి. అక్కడ ఇటుకో రాయో పెడితే మొదటి రోజే ముందు ఆర్మ్ విరుగుతుంది. టైరయితే కారు తగిలినా చిన్నగా ఎగిరి పక్కకు తప్పుకుంటుంది. బయటి అంచున ఐదు సెంటీమీటర్ల మట్టి గట్టు వేయండి. కొన్ని పరుగులయ్యాక కార్లు జారిన చోట సన్నటి గులకలు గట్టు పక్కన పోగవుతాయి. వాటిని ఊడ్చేయకండి. గీత దాటి వెడల్పుగా వెళ్లినవాడికి పట్టు దొరకకుండా చేసే సహజమైన శిక్ష అది.

దిబ్బ కావాలంటే ఎక్కుడు వాలు మీటరు, దిగుడు వాలు మీటరున్నర, ఎత్తు 12 సెంటీమీటర్లు. దిగుడు ఎప్పుడూ ఎక్కుడు కంటే నిడివిగా ఉండాలి. గాలిలో తేలిన కారు చదును నేల మీద పడితే దెబ్బంతా షాక్ అబ్జార్బర్ల మీదే. నీటి గుంట సరదా గానీ దాని వల్ల వచ్చే మరమ్మతులు సరదాగా ఉండవు. మొదటి ఏడాది వదిలేయండి.

కారు ఎంపిక

పదో వంతు పరిమాణంలో ర్యాలీ మొదలుపెట్టేవాళ్లకు జపాన్ కంపెనీ టమియా వారి టీటీ-02 ఛాసిస్ (కారు అడుగు చట్రం) మంచి ఆరంభం. ఇది విడిభాగాల కిట్‌గా వస్తుంది, మనమే బిగించుకోవాలి. నాలుగు చక్రాలకూ షాఫ్ట్ ద్వారా శక్తి వెళుతుంది, గేర్లన్నీ మూతల లోపల ఉంటాయి, చక్రాల మధ్య దూరం 257 మిల్లీమీటర్లు కాబట్టి బాడీలు విరివిగా దొరుకుతాయి. అదే కంపెనీ ఎక్స్‌వీ-01, ఎక్స్‌వీ-02 ర్యాలీ కోసమే చేసినవి. బాగుంటాయి, ధరా అలాగే ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే డబ్ల్యూఎల్ టాయ్స్ 144001 లాంటి పద్నాలుగో వంతు బగ్గీ కూడా పనికొస్తుంది, కాకపోతే అది మన దారికి మరీ వేగం. రిమోట్‌లో థ్రాటిల్ (వేగం పెంచే మీట) పరిమితి తగ్గించే వీలుంటే సగానికి తెచ్చి వాడండి.

వేగం లెక్క ఒకసారి చేసి చూడండి. కిట్‌తో వచ్చే మామూలు 540 సైజు మోటారు నిమిషానికి సుమారు 15,000 చుట్లు తిరుగుతుంది. టీటీ-02లో పినియన్‌కు (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) 22 పళ్లు, అది తిప్పే పెద్ద గేరుకు, అంటే స్పర్ గేరుకు 70, లోపలి మిగతా గేర్ల నిష్పత్తి 2.6. అంటే మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. టైరు వ్యాసం 65 మిల్లీమీటర్లయితే గంటకు 22 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఆరు మీటర్లు. మీ 15 మీటర్ల నేరు దారి రెండున్నర సెకన్లలో అయిపోతుంది. ఇంకా ఎందుకు వేగం? పైగా 19 పళ్ల పినియన్ వేస్తే వేగం 19 కిలోమీటర్లకు తగ్గి, మలుపు నుంచి లాగే బలం పెరుగుతుంది, మోటారు చల్లగా ఉంటుంది. ఇరుకు దారికి నేను సిఫారసు చేసేది అదే.

బిగింపు

కిట్ విప్పగానే మరలన్నీ ఒక పళ్లెంలో గుమ్మరించకండి. సంచి సంచికీ అక్షరం ఉంటుంది, ఏ దశకు ఆ సంచే తెరవండి. జపాన్ కిట్ల మరలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) కొలత స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు ఫిలిప్స్‌తో బిగిస్తే మర తల అరిగిపోతుంది.

ప్లాస్టిక్ బుష్‌లు వస్తే వాటిని పక్కనపెట్టి, రెండు వైపులా రబ్బరు మూత ఉన్న బేరింగులు వేయండి. మట్టిలో తిరిగే కారుకు ఇది ఆడంబరం కాదు. డిఫరెన్షియల్ (మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లోపల చిక్కటి గ్రీజు దట్టించండి. పలుచటి గ్రీజుతో వదిలేస్తే పొడి నేల మీద బరువు లేని చక్రం గిర్రున తిరుగుతుంది, బరువున్న చక్రం ఊరుకుంటుంది.

పినియన్‌కూ స్పర్ గేరుకూ మధ్య ఎడం సరిగా ఉండాలి. మోటారును జరిపే వీలుంటే నోటుబుక్కు కాగితం ముక్క రెంటి మధ్యా పెట్టి, గేర్లను దగ్గరకు నొక్కి మోటారు బిగించి, చక్రం తిప్పుతూ కాగితం బయటకు లాగండి. కాగితం మీద పళ్ల ముద్ర మడతలుగా పడాలి, చిరగకూడదు. చిరిగితే మరీ బిగుతు. ముద్రే పడకపోతే వదులు, ఆ వదులుతో నడిపితే పళ్లు ఊడిపోతాయి. మోటారు రంధ్రాలు పళ్ల లెక్క ప్రకారం ముందే ఉన్న కిట్‌లో ఈ బాధ లేదు.

లోహంలోకి వెళ్లే మరలకు నీలం రంగు థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయండి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే మరకు వేయకండి, ప్లాస్టిక్ పెళుసుబారి పగులుతుంది.

కిట్‌తో ఉట్టి స్ప్రింగు గొట్టాలే వస్తే ముందు కొనవలసింది నూనె షాక్ అబ్జార్బర్లు. 300 నుంచి 400 సీఎస్‌టీ (చిక్కదనం కొలత) సిలికాన్ నూనెతో మొదలుపెట్టండి. నింపాక పిస్టన్ పైకీ కిందికీ మెల్లగా ఆడించి గాలి బుడగలు పోనిచ్చి అప్పుడు మూత బిగించండి. ఛాసిస్ నేలకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. చేత్తో నొక్కి వదిలితే ఒక్కసారి పైకి లేచి నిలబడాలి, ఊగకూడదు.

ఎలక్ట్రానిక్స్ గురించి క్లుప్తంగా: హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటి 60 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్, నీటికి తట్టుకునే లోహపు గేర్ల సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు), దానికి తప్పనిసరిగా దెబ్బ తగలనివ్వని సర్వో సేవర్, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్. స్పీడ్ కంట్రోలర్ మీద బ్యాటరీ రకం ఎంచుకునే జంపర్ (చిన్న ప్లగ్గు) లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ వైపు ఉందో లేదో చూడండి. రిసీవర్ (కారులో రిమోట్ సంకేతం అందుకునే పెట్టె) ఫెయిల్‌సేఫ్‌ను, అంటే సంకేతం పోతే కారు చేయవలసిన పనిని, బ్రేకు మీద పెట్టి, కారును ఎత్తి పట్టుకుని రిమోట్ ఆపి చూడండి. చక్రాలు ఆగాలి. ఆ పరీక్ష కాకుండా కారు నేల మీద పెట్టకండి.

దుమ్ము కట్టడి

ఎర్రమట్టి దుమ్ము టాల్కం పొడిలా ఎక్కడికైనా దూరుతుంది. రిసీవర్‌ను పుట్టినరోజు బెలూన్‌లో పెట్టి, తీగలు బయటకు వచ్చే చోట చిన్న కేబుల్ టై బిగించండి. మోటారు గాలి రంధ్రాల మీద పాత నైలాన్ మేజోడు ముక్క ఒక పొర తొడగండి. గాలి ఆడుతుంది, గులకలు దూరవు. ఛాసిస్ అడుగున వాడని రంధ్రాలన్నీ టేపుతో మూయండి. పైన మందపాటి ప్లాస్టిక్ ఫైలు అట్టను కత్తిరించి మూతలా అమర్చి, రెండు చోట్ల వెల్క్రో వేస్తే బ్యాటరీ మార్చడం తేలిక.

పాలికార్బొనేట్ బాడీకి లోపలి వైపే రంగు వేయాలి, ముదురు రంగులు ముందు, లేత రంగులు తరువాత. రంగు ఆరాక చక్రాల వంపుల దగ్గర, మూలల్లో గోడల పగుళ్లకు వేసే జాలీ టేపు అతికించి, పైన ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు పూయండి. గుద్దుకున్నా బాడీ చీలదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలతో చక్రాల వెనక మడ్‌ఫ్లాప్‌లు పెట్టండి. చూడముచ్చటే కాదు, వెనక షాక్ అబ్జార్బర్ల మీద రాళ్లు పడకుండా కాపాడతాయి.

పరుగు

వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారి ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు తరువాత నడపండి. ముందు రిమోట్ ఆన్ చేసి తరువాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత రిమోట్. ఒక బ్యాటరీ అయ్యాక మోటారు వేడి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో 75 డిగ్రీలు దాటితే ఇంకా చిన్న పినియన్ వేయాలి.

నడపడంలో అలవాటు కావలసింది ఒక్కటే: మలుపు రాకముందే, కారు నేరుగా ఉండగానే వేగం తగ్గించాలి. తరువాత స్టీరింగు, ఆ తరువాత థ్రాటిల్. పొడి నేల మీద నాలుగు చక్రాల కారు జారడం మొదలయ్యాక భయపడి థ్రాటిల్ వదిలితే బరువు ముందుకు పడి వెనక భాగం తిరిగిపోతుంది. కొద్దిగా థ్రాటిల్ పట్టి ఉంచితే ముందు చక్రాలు లాక్కుపోతాయి. ఇరుకు మలుపులో పెద్ద డ్రైవర్లు చేసే చిట్కా కూడా పనిచేస్తుంది. ఎడమకు తిరగాలంటే ముందు క్షణకాలం కుడికి తిప్పి వెంటనే ఎడమకు విసరడం. కారు మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దీనికి మందు లేదు, ఖాళీ నేల మీద ఎనిమిది అంకె వేస్తూ సాధన చేయడమే.

సమయం కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఆరంభంలో ఒకరు, ముగింపులో ఒకరు ఫోన్ గడియారాలు సరిచూసుకుని నిలబడాలి. కారు సరిగ్గా నిమిషం మొదట్లో బయలుదేరుతుంది, ముగింపు దగ్గరి మనిషి సెకన్లు రాసుకుంటాడు. దారి అంచున పాతిన గుర్తు పుల్ల పడగొడితే ఐదు సెకన్లు, చేత్తో ఎత్తి పెడితే పది సెకన్లు కలపండి. దారి పొడవైతే డ్రైవరు పక్కనే నడుస్తూ నడపవచ్చు. అప్పుడు స్నేహితుడు సహ డ్రైవరై మలుపులు చదవాలి. నెమ్మది మలుపు 1, వేగం మలుపు 6 అని అంకెలిచ్చి ‘ఎడమ 2, దిబ్బ, వెంటనే కుడి 5’ అంటూ. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది గానీ, తప్పు చదివితే ఎవరి సెకన్లు పోతాయో తెలిశాక ఇద్దరూ బుద్ధిగా ఉంటారు.

కారు మలుపులో తిరగకుండా నేరుగా పోతుంటే ముందు షాక్ నూనె పలుచన చేయండి లేదా ముందు స్ప్రింగు మెత్తనిది వేయండి. వెనక భాగం ఊరికే తిరిగిపోతుంటే అదే పని వెనక చేయండి. ఒకసారికి ఒక్క మార్పే.

పరుగు తరువాత

పెయింటు బ్రష్‌తో దుమ్ము దులిపి, ఎయిర్ బ్లోయర్‌తో ఊదండి. నీళ్ల పైపు పట్టకండి. ఒక్కో చక్రం చేత్తో తిప్పి వినండి, గరగర వినిపిస్తే ఆ బేరింగు పని అయిపోయినట్టే.

రెండు సెల్స్ లైపో బ్యాటరీ నిండితే 8.4 వోల్టులు. సెల్ 3.2 వోల్టులకు దిగకముందే ఆపాలి. వారం పాటు వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఛార్జర్‌లో దానికి స్టోరేజ్ పద్ధతి ఉంటుంది. ఛార్జింగు ఎప్పుడూ మనిషి దగ్గరుండగా, గచ్చు మీద, మట్టి కుండలో గానీ అగ్నినిరోధక సంచిలో గానీ పెట్టి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయవద్దు. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఏ బ్యాటరీనీ వదలవద్దు.

దారికి కూడా సంరక్షణ ఉంటుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంతకుముందే వెనక్కి తిరిగే మలుపు మీద, దిబ్బ మీద టార్పాలిన్ కప్పి అంచులకు ఇసుక గోతాలు పెట్టండి. మిగతా దారిని వాననే సాపు చేయనివ్వండి, వాలు సరిగా తీసి ఉంటే పెద్దగా కోసుకుపోదు. సంక్రాంతి నాటికి మట్టిలో తడి ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి దిమ్మిస పని అప్పుడే పెట్టుకోండి. ఫిబ్రవరి దాటితే ఎర్రనేల గడ్డపారకు కూడా లొంగదు.